వారం మొత్తం

కాళ్లకు ఏమీ తొడుక్కోనక్కర్లేని ఊరికి వెళ్లిపోదామని మొదట అన్నది ఆడ్రీ.

జనవరి నెల. టొరంటోలో మంచు మోకాలి లోతున పేరుకుని ఉంది. ఇద్దరు పిల్లల్ని బయటికి తయారుచెయ్యడమంటే రోజూ ఒక యుద్ధమే. లోపలి ప్యాంటు, పైన ఇంకో ప్యాంటు, కోటు, టోపీ, చేతి తొడుగులు, బూట్లు. అన్నీ తొడిగి గడప దాకా తీసుకొచ్చాక మూడేళ్ల ఫిన్‌కి ఒంటేలు వస్తుంది. ఆ రోజూ వచ్చింది. నేను వాడికి అన్నీ విప్పుతూ ఉంటే, ఆరేళ్ల ఆడ్రీ తలుపుకి ఆనుకుని, కోటులో ఉడికిపోతూ, "అమ్మా, సముద్రం ఉన్న ఊరికి పోదాం. అక్కడ బూట్లుండవు," అంది.

వాళ్లమ్మ గిలియన్ ఒక చేత్తో కాఫీ, ఇంకో చేత్తో సంచీ పట్టుకుని లాయర్ల ఆఫీసుకి పరుగెత్తబోతున్నదల్లా ఆగిపోయింది. పిల్లల్ని చూసింది, నన్ను చూసింది, తలుపు అద్దం మీద గడ్డకట్టిన మంచుని చూసింది.

"పోదాం," అంది. "మార్చి సెలవులకి. ఒట్టు."

నేను ఆ ఇంట్లో పిల్లల్ని చూసుకునే మనిషిని. పేరు మెర్లీన్. మాది కరీబియన్ సముద్రంలోని గ్రెనడా దీవి, గ్వావ్ అనే చేపల ఊరు. ఆ ఇంటి కింది గదిలోనే ఉండేదాన్ని. ఫిన్ పుట్టి ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు వాణ్ణి మొదట నా చేతుల్లోనే పెట్టారు. నాకూ ఒక కూతురుంది, కెజియా. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. అక్కడే మా అమ్మ దగ్గర పెరుగుతోంది. నేను కెనడా వచ్చినప్పుడు దానికి నాలుగు. ఆ తర్వాత ఒక్కసారి కూడా వెళ్లలేదు. కాగితాలు కుదరలేదు, దేశం దాటితే మళ్లీ రానిస్తారో లేదో అని భయం. వెళ్లి తిరిగి రావడానికి వీలైన కాగితం సరిగ్గా ఆ చలికాలమే చేతికొచ్చింది. పిల్లని పిలిపించుకోవడానికి మాత్రం ఇంకా ఆగమన్నారు.

ఆ నెలంతా శనివారాలు వంటింటి బల్ల చుట్టూ దీవుల గొడవే. గిలియన్ కంప్యూటర్ ముందేసుకుని, ఎక్కడెక్కడి తల్లులో రాసినవన్నీ చదివి ఒక్కో దీవికీ ఒక్కో వంక పెట్టేది. ఒకచోట అలలు పెద్దవి. ఒకచోట దోమలు. ఒకచోట ఆసుపత్రి దూరం. ఇంకోచోట అన్నీ బాగున్నాయి గానీ పిల్లలకి ఎండ మరీ ఎక్కువట.

"అలలుండకూడదు, దోమలుండకూడదు, ఎండుండకూడదు," అన్నాడు ఆమె భర్త స్టువర్ట్, పేపర్లోంచి తలెత్తకుండా. "అలాంటి దీవి ఒకటుంది గిలియన్. మన బేస్‌మెంట్."

"నువ్వు నోరుముయ్. పోయినసారి కాటేజీలో వాడికి చెవిపోటొస్తే రాత్రంతా మేలుకున్నది నువ్వు కాదు."

మేలుకున్నది నేను. ఆ మాట ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది. గిలియన్ నా వైపు తిరిగింది.

"మెర్లీన్, మీ దగ్గర సముద్రం ఎలా ఉంటుంది?"

"గ్రాండ్ ఆన్స్ దగ్గర చెరువులా ఉంటుంది. పిల్లలు నడుము దాకా నడుచుకుంటూ పోవచ్చు."

ఆమె ఒక్క నిమిషం నన్నే చూసింది. తర్వాత కుర్చీలోంచి లేచి, "అయ్యో, నేనెంత బుద్ధిలేనిదాన్ని!" అంటూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "మీ దేశమే వెళ్దాం. నువ్వూ రా. టికెట్టు మాదే. మీ అమ్మాయిని చూడొచ్చు!" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నటన కాదు. ఆమెది అలాంటి మనసే, ఉన్నట్టుండి పొంగుతుంది. "పిల్లలు నీ చేతుల్లో ఉంటే నాకు బెంగ ఉండదు. ఆదివారం మాత్రం పూర్తిగా నీది. పొద్దున్నే వెళ్లి చీకటి పడ్డాక వచ్చెయ్యి."

ఆడ్రీ బల్లెక్కి గంతులేసింది. ఫిన్‌కి సంగతేమిటో తెలియకపోయినా వాడూ గెంతాడు. నేనూ నవ్వాను. నిజంగానే నవ్వాను.

ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ థెల్మా ఎత్తింది. విషయం చెప్పాను.

"ఏమే, తాగావా?" అంది.

"లేదే అమ్మా. నిజం. మార్చిలో వస్తున్నాను."

"ఒసేయ్ కెజియా! ఇలా రా, పరుగెత్తుకు రా, మీ అమ్మకి పిచ్చెక్కింది, విను!"

కెజియా ఫోన్ తీసుకుంది. ఒగరుస్తోంది. "మమ్మీ, నిజమేనా? ఒట్టేనా? ఎన్ని రోజులు?"

"ఒక వారం."

"వారం మొత్తమా?"

దీవిలో ఉండేది వారం మొత్తమే. అందుకని, "ఊఁ, వారం మొత్తం," అన్నాను. అనగానే అది ఏం అర్థం చేసుకుందో నాకు తెలిసింది. సర్దిచెబుదామని నోరు తెరిచేలోపల అది ఫోన్ మా అమ్మ చేతిలో పడేసి, వీధిలోకి పోయి అరుస్తోంది. పక్కింటివాళ్లు ఏమిటే ఏమిటే అని అడగడం, ఇది "మా మమ్మీ వస్తోంది, వారం మొత్తం!" అనడం నాకు టొరంటో దాకా వినబడింది.

వచ్చే ఆదివారం చెబుదామనుకున్నాను.

వచ్చే ఆదివారానికి దాని ఏర్పాట్లు మొదలైపోయాయి. ఇక్కడ గిలియన్ ఎంత కంగారుగా ప్లాన్లు వేస్తోందో, అక్కడ నా కూతురు అంతకు రెట్టింపు వేస్తోంది. పిల్లలు కూడా నాతో వస్తారని చెప్పాను కాబట్టి వాళ్లని కూడా తన అతిథుల కిందే జమకట్టేసింది.

"మమ్మీ, ఆ చిన్నబాబు ఏం తింటాడు?"

"వాడా? తెల్లగా ఉన్నవే తింటాడు. బ్రెడ్డు, పాలు, ఉత్త అన్నం. రంగున్నది ఏది పెట్టినా ఉమ్మేస్తాడు."

"మరి పనసకాయ ఉడికిస్తే తెల్లగానే ఉంటుందిగా?" అది అనేది సీమపనస, మా దగ్గర రోజూ తినేదే. "నేను పెడతాను. చూడు, తింటాడు. సోమవారం కొండ మీద కోతుల దగ్గరికి తీసుకెళ్దాం. ఆ పాప భయపడుతుందా? భయపడితే నా చెయ్యి పట్టుకోమను. మంగళవారం ఏటికి. లోతు లేనిచోటు నాకు తెలుసు. శుక్రవారం ఎలాగూ మన వీధిలో చేపల సందడి. గురువారం మాత్రం ఎక్కడికీ వద్దు, ఆ రోజు నువ్వు నాకు జడలు వెయ్యాలి. అమ్మమ్మ వేళ్లు వంగట్లేదంట. టీచర్‌కి చెప్పేశాను, ఆ వారం బడికి రానని."

"టీచర్‌కి చెప్పేశావా?"

"క్లాసందరికీ చెప్పేశాను. మమ్మీ, ఇంకోటి. నేనిప్పుడు మంచం మీద గోడ వైపు పడుకోవడం అలవాటు చేసుకుంటున్నాను. ఇటు పక్కంతా ఖాళీగా వదిలేస్తున్నా. నిన్న నిద్దట్లో దొర్లాను గానీ మళ్లీ జరిగిపోయాను."

పైన ఫిన్ నిద్ర లేచి ఏడుస్తున్నాడు. "వెళ్లాలి తల్లీ," అన్నాను. అది ఎప్పటిలాగే, "సరే, వెళ్లు," అంది.

మంగళవారాలు పిల్లలకి కథలు చదివి వినిపించే గ్రంథాలయానికి ఫిన్‌ని తీసుకెళ్లేదాన్ని. అక్కడ వెనక వరసంతా మా బోటివాళ్లమే కూర్చుంటాం. మా పక్క దీవి సెయింట్ విన్సెంట్ నుంచి వచ్చిన అయాంథి నాకన్నా ముందు నుంచీ ఈ పనిలో ఉంది. సంగతి విని, ఒళ్లో పిల్లాడి ముక్కు తుడుస్తూ, గొంతు తగ్గించి తిట్టింది.

"ఒసే పిచ్చిమొద్దూ! ఒకటి, పిల్లకి నిజం చెప్పు. లేదా దొరసానిని ఇంకో నాలుగు రోజులడుగు. రెంటిలో ఏదీ చెయ్యకుండా ఇలా బెల్లంకొట్టిన రాయిలా కూర్చుంటే ఎలాగే?"

"అడిగితే ఏమనుకుంటుందో. టికెట్టు వాళ్లే కొంటున్నారు. పిల్ల కాగితాలకి ఆమె ఉత్తరం ఇంకా కావాలి."

"ఆమె కరిచే రకమా?"

"కాదు. మంచిది."

"మరి? మంచివాళ్లని అడగడానికే నీకు నోరు రాదు. చెడ్డదైతే ఈపాటికి పోట్లాడి ఉందువు."

నిజమే. ఇంకో సంగతి కూడా ఉంది. అది అయాంథికి చెప్పలేదు. ఒక్క రోజైతే ఎలాగోలా గడిచిపోతుంది. పలకరింపులు, తిండి, ఇచ్చిపుచ్చుకోవడాలు, ఇంతలో సాయంత్రం. వారమంటే నాకు భయం వేసింది. ఫిన్ దగ్గు వింటే అది గొంతులోదో ఛాతీలోదో చెప్పగలను. ఆడ్రీ అబద్ధమాడితే ఎడమ కాలు గీరుకుంటుందని తెలుసు. నా కూతురు ఏ పక్కకి తిరిగి పడుకుంటుందో అది చెప్పేదాకా నాకు తెలియదు. వారం రోజులు దాని పక్కన ఉంటే, నాకేమీ తెలియదన్న సంగతి దానికి తెలిసిపోతుంది.

అయినా అడుగుదామనే అనుకున్నాను. ఫిబ్రవరి చివర్లో ఒక సాయంత్రం గిలియన్ పిల్లల ఈత బట్టలు బల్ల మీద పరుస్తుంటే, మడతలు పెడుతూ, "గిలియన్, మీతో ఒక మాట," అన్నాను.

"నేనూ నీతో ఒకటి చెప్పాలి," అని కుర్చీలో కూలబడింది. ఆ రోజు ఆఫీసులో ఏదో కేసు పోయిందట. మేకప్ చెదిరిపోయి ఉంది. "మెర్లీన్, ఫిన్ పుట్టాక నేను ఒక్కరోజు తిన్నగా నిద్రపోలేదు. వాడు రాత్రి లేస్తే నన్ను కాదు, నిన్ను పిలుస్తాడు. నాకు ఏడుపొస్తుంది, మళ్లీ హాయిగానూ ఉంటుంది. ఎంత సిగ్గుచేటు చూడు! ఈ సెలవుల్లో నేను వాళ్లతో ఇసకలో ఆడుకోవాలి. నువ్వు పక్కన ఉంటే ఆడగలను. నువ్వు లేకపోతే నాకు అది సెలవే కాదు." కళ్లు తుడుచుకుని నవ్వింది. "ఇప్పుడు నువ్వు చెప్పు. ఏమిటి?"

"ఏం లేదు. ఫిన్ టోపీ పోయినేడాదిది. బిగుతవుతుంది," అన్నాను.

అడిగితే కాదనేది కాదేమో. నన్ను ఇప్పటికీ లోపల తొలిచేది అదే.

శనివారం సాయంత్రానికి గ్రెనడాలో దిగాం. విమానం తలుపు తీయగానే మొహానికి తగిలిన వేడిగాలిలో తడి మట్టి వాసన, ఎవరో దూరంగా కట్టెలు కాలుస్తున్న వాసన. మెట్ల మీదే కాళ్లు ఆగిపోయాయి. "మిమీ, పద," అని ఫిన్ నా చెవి లాగాడు. వాడు నన్ను పిలిచేది అలాగే. విమానం దిగేటప్పుడు చెవులు గుచ్చుతాయని వాడికి గుక్కగుక్కగా నీళ్లు తాగిస్తూనే ఉన్నాను గానీ, హోటలుకి చేరేసరికి వాడి ఒళ్లు వెచ్చబడింది.

ఆదివారం పొద్దున్నే నేను తయారయ్యాను. పచ్చ పూల గౌను, కెజియాకి తెచ్చిన సామాను సంచీ. గ్వావ్ వెళ్లే వ్యాను కోసం పట్నంలో నిలబడాలి. గుమ్మం దాటబోతుంటే ఫిన్ ఏడుపు వినబడింది. గిలియన్ గదిలోకి తొంగిచూశాను. వాడు ఆమె చేతుల్లో వెనక్కి విరుచుకుపోతున్నాడు. మొహం ఎర్రగా కందిపోయింది.

"వెళ్లు మెర్లీన్," అంది గిలియన్. "మందు వేశాను. తగ్గిపోతుంది. మేం చూసుకుంటాం, నువ్వెళ్లు."

స్టువర్ట్ కూడా, "పో, పో, నువ్వు కనబడితేనే వీడి రాగం పెరుగుతుంది," అన్నాడు.

నన్ను ఎవరూ ఆపలేదు. ఈ మాట నేను గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మా ఊళ్లో తర్వాత అందరూ ఆ తెల్లవాళ్లే ఆపేశారనుకున్నారు. వాడు "మిమీ" అని రెండు చేతులూ చాపాడు. నేను సంచీ కింద పెట్టాను. "వీడు నిద్రపోయేదాకా ఉండి వెళ్తాను. ఎంతసేపు!" అన్నాను.

ఎత్తుకోగానే వాడు నా మెడ కరుచుకుని నిద్రపోయాడు. దించబోతే లేచి ఏడ్చాడు. మళ్లీ ఎత్తుకున్నాను. మళ్లీ నిద్రపోయాడు. అలా ఎండెక్కిపోయింది. చర్చి గంటలు అయిపోయాయి. ఆఖరికి మా అమ్మకి ఫోన్ చేశాను.

"బాబుకి జ్వరం అమ్మా. కాస్త ఆలస్యమయ్యేట్టుంది."

"ఎంత ఆలస్యం?"

ఫిన్‌ని ఇంకో భుజానికి మార్చుకున్నాను.

"సరేలే," అంది మా అమ్మ. "నువ్వు రాలేకపోతే మేమే వస్తాం. వీధి గుమ్మంలో కూర్చున్న ఈ పిల్లని చూస్తూ నేను ఇంట్లో ఉండలేను."

హోటలు గేటు దగ్గర కాపలావాడు వాళ్లని లోపలికి రానివ్వలేదట. మా దేశంలో సముద్రపు ఒడ్డు ఎవరి సొత్తూ కాదు, అందుకని వాళ్లు చుట్టూ తిరిగి ఇసకలోంచి నడిచి వచ్చారు. నేను బాదం చెట్టు నీడలో ఫిన్‌ని భుజాన వేసుకుని నిలబడి ఆ వైపే చూస్తున్నాను. ఒక ముసలావిడ, పక్కన పొడుగ్గా ఒక అమ్మాయి వస్తున్నారు. నా కళ్లు ఆ అమ్మాయిని దాటుకుని వెనక ఇంకెవరైనా చిన్నపిల్ల వస్తోందా అని వెతికాయి. ఫోనులో చూసి చూసి దాని మొహం తెలుసు. పొడుగు తెలియదు.

"మమ్మీ," అంది, నాలుగడుగుల దూరంలో ఆగిపోయి.

దగ్గరికి లాక్కున్నాను. ఒక చేత్తోనే. రెండో చేతిలో ఫిన్. వాడు కళ్లు విప్పి దాన్ని చూసి, "నా మిమీ," అన్నాడు.

"అవును బాబూ, నీ మిమీయే," అంది కెజియా నవ్వుతూ. "ఒంట్లో బాలేదా నీకు?"

చర్చికి వేసుకునే తెల్లగౌను వేసుకుంది. తలకి గుడ్డ చుట్టుకుని ఉంది. మా అమ్మ చాప పరిచి గిన్నె మూత తీసింది. సీమపనస, ఉప్పు మాంసం, కొబ్బరిపాలు, ఆకులు కలిపి మా ఇళ్లలో వండే వంటకం. కెజియా మాత్రం ఇంకో చిన్న డబ్బా తీసింది. అందులో తెల్లగా ఉడికించిన పనసముక్కలు, ఏమీ కలపకుండా.

"చూడు, తెల్లగా ఉంది," అని ఒక ముక్క ఫిన్ నోటి దగ్గర పెట్టింది. వాడు మూతి ముడిచాడు. "ఇది కోతులు తినేదంట. నువ్వు తినకపోతే కొండ మీది కోతికి పెట్టేస్తా మరి." వాడు నోరు తెరిచాడు. ఇంకో ముక్క తిన్నాడు. కాసేపటికి నా భుజం మీంచి జారి దాని ఒళ్లోకి పోయాడు. కెజియా తడిగుడ్డ పిండి వాడి నుదుటి మీద వేసింది. అచ్చం మా అమ్మ వేసినట్టే, రెండు మడతలు, కళ్లకి తగలకుండా. నేను చెయ్యి చాపితే, "ఉండు మమ్మీ, కదిలిస్తే లేస్తాడు," అంది.

నన్ను చూడ్డానికి వచ్చిన పిల్ల, వచ్చిన కాసేపటికే నా పని అందుకుంది.

గిలియన్ ఆడ్రీని వెంటబెట్టుకుని వచ్చింది. నిద్రపోతున్న కొడుకుని చూసి ఆశ్చర్యపోయింది. "నువ్వు కెజియావా! ఎంత మంచిదానివమ్మా!" అని దాని బుగ్గ నిమిరింది. తర్వాత మా అమ్మ రెండు చేతులూ పట్టుకుని, మనస్ఫూర్తిగా అంది: "మీ అమ్మాయి లేకపోతే మేం ఏమైపోతామో!"

"మొదట్లో మేమూ అలాగే అనుకున్నాం తల్లీ," అంది మా అమ్మ. "తర్వాత అలవాటైపోతుంది."

వెటకారం లేదు ఆ గొంతులో. ధైర్యం చెప్పినట్టే చెప్పింది. గిలియన్ నవ్వబోయి ఆగింది. నా వైపు చూసింది. నేను గిన్నె మూత సర్దుతున్నాను. ఆమె ఆడ్రీ చెయ్యి పట్టుకుని నీళ్ల వైపు వెళ్లిపోయింది, మాకు చోటిచ్చినట్టు.

"గుడ్డెందుకే తలకి?" అన్నాను కెజియాతో.

"నువ్వు వేస్తావని ఏమీ వేయించుకోలేదు. గురువారం కదా. అప్పటిదాకా ఇలా కట్టేశాను."

"గురువారం దాకా ఎందుకు? రా, ఇప్పుడే వేస్తాను."

"ఇప్పుడా? ప్లాను ప్రకారం..." అని నా మొహం చూసి ఆగిపోయింది. ఫిన్‌ని కదల్చకుండా మెల్లగా జరిగి, నాకు వీపు చేసి కూర్చుంది. గుడ్డ విప్పాను. జుట్టు ఒత్తుగా, మా అమ్మ జుట్టులా ఉంది. నేను వదిలి వచ్చినప్పుడు పల్చగా, దూదిలా ఉండేది. పాయలు తీస్తున్నాను. నా వేళ్లకి దాని తల కొత్త. ఎక్కడ నొప్పెడుతుందో తెలియదు. గట్టిగా లాగానేమో, భుజాలు బిగించింది గానీ అబ్బా అనలేదు.

"మమ్మీ, రేపు ఏ టైముకొస్తారు మీరంతా? కోతుల దగ్గరికి పొద్దున్నే వెళ్లాలి. ఎండెక్కితే అవి చెట్లలోకి పోతాయి."

దాని మొహం నాకు కనబడటం లేదు. మెడ వెనక చిన్న పుట్టుమచ్చ మాత్రం కనబడుతోంది. మొహం కనబడి ఉంటే ఆ మాట అప్పుడు కూడా చెప్పగలిగేదాన్ని కాదు.

"రేపు రాలేనే."

"బాబుకి జ్వరమనా? పోనీ ఎల్లుండి."

"ఎల్లుండి కూడా. కెజియా, నాకు సెలవు ఇవాళొక్కటే. మిగతా రోజులు ఇక్కడ వీళ్లతో ఉండాలి."

అలలు చెరువు నీళ్లలా వచ్చి పోతున్నాయి. దూరంగా ఆడ్రీ కేరింతలు. మా అమ్మ సముద్రం వైపే చూస్తోంది. కెజియా ఫిన్ నుదుటి మీది గుడ్డ తీసి, తిప్పి వేసింది.

"మరి వారం మొత్తం అన్నావు."

"అన్నాను."

"సరే," అంది. "అయితే రేపు బడికెళ్తాను. టీచర్‌కి చెప్పాలి, ప్లాన్ మారిందని."

తల సగం పూర్తయ్యేసరికి ఫిన్ లేచాడు. లేచి, నా కోసం చేతులు చాచి ఏడుపు లంకించుకున్నాడు. ఆదివారం సాయంత్రం పూట వ్యాన్లు తక్కువ, చీకటి పడితే దొరకవని మా అమ్మ గిన్నెలు సర్దింది. కెజియా మిగతా సగం జుట్టుని గుడ్డతో కట్టేసుకుంది. అల్లిన జడలు ఒకవైపే బయటికి వేలాడుతున్నాయి. "మిగతావి అమ్మమ్మ వేస్తుందిలే," అంది. వేళ్లు వంగని అమ్మమ్మ.

సంచీ ఇచ్చాను. తీసి చూడకుండానే థాంక్స్ చెప్పింది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "బాబుకి రాత్రి మళ్లీ జ్వరం పెరుగుతుంది మమ్మీ, గుడ్డ తడపడం మర్చిపోకు," అంది. ఇసకలో వాళ్లిద్దరూ చిన్నవాళ్లయిపోయేదాకా చూశాను. అది చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది.

మంగళవారం గిలియన్ అడిగింది, "నువ్వు ఇంకోసారి వెళ్లొస్తావా?" అని. "దానికి బడి ఉంది," అన్నాను. ఆ మాట అబద్ధం కాదు. ఆ బడికి అది వెళ్లకుండా అన్ని ఏర్పాట్లూ చేసుకున్న సంగతి చెప్పలేదంతే. మిగతా వారమంతా పిల్లలు చెరువులాంటి సముద్రంలో ఆడారు. గిలియన్ నల్లబడింది, హాయిగా నిద్రపోయింది. తిరుగు విమానంలో ఆడ్రీ, "వచ్చే ఏడు కూడా మిమీ వాళ్ల దీవికే," అంది. అందరం సరేనన్నాం.

టొరంటోలో మంచు అలాగే ఉంది. ఆదివారం ఫోన్ చేస్తే కెజియా అన్నిటికీ జవాబు చెప్పింది. పరీక్షలు బాగా రాసింది. బాబుకి తగ్గిందా? మంచిది. పాప కోతుల్ని చూసిందా? లేదా, అయ్యో. ఇక పెట్టేస్తుందనగా, "మమ్మీ, ఒకటి అడగనా?" అంది.

"అడుగు తల్లీ."

"ఈసారి వచ్చేటప్పుడు నాకు ముందు చెప్పకు. ఊరికే వచ్చెయ్. ముందు తెలిస్తే నేను ఏవేవో అనేసుకుంటాను."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నా చేతులు పని చేశాయి గానీ మనసు నిలవలేదు. ఫిన్ నవ్వితే నవ్వేదాన్ని, వెంటనే ఎవరిదో ఎత్తుకొచ్చినట్టు అనిపించేది. వాడేం తప్పు చేశాడు పాపం! వాణ్ణి ముద్దు చేస్తే ఇక్కడ తప్పు, విసుక్కుంటే అక్కడ తప్పు. జూన్‌లో గిలియన్‌తో చెప్పేశాను, వేసవి తర్వాత ఉండనని. ఆమె ఏడ్చింది. ఉత్తరం మాత్రం అడక్కుండానే రాసిచ్చింది. "నువ్వు ఆ రోజు అడగబోయింది టోపీ గురించి కాదు, కదూ?" అంది. కాదన్నాను. "అడగాల్సింది," అంది. అవునన్నాను. ఫిన్‌కి ఏం చెప్పానో, వాడు ఎలా ఏడ్చాడో నేను ఇక్కడ చెప్పలేను.

అయాంథి తనకి తెలిసిన ఒక వృద్ధుల ఇంట్లో పగటి పని చూసిపెట్టింది. పిల్లని తెచ్చుకునే కాగితాలు ఆగస్టు మొదట్లో వచ్చాయి. ఇంటికి ఫోన్ చెయ్యలేదు. మా అమ్మకి కూడా చెప్పలేదు.

గ్వావ్‌లో వ్యాను మా ఇంటి ముందే ఆగింది. అప్పుడే వాన పడి వెలిసింది. కెజియా వీధి కుళాయి దగ్గర కూర్చుని గిన్నెలు తోముతోంది. నన్ను చూసింది. లేవలేదు. నన్ను దాటి వ్యాను తలుపు వైపు చూసింది, నా వెనక ఇంకెవరు దిగుతారోనని. డ్రైవరు తలుపు మూశాడు. వ్యాను కదిలి, మలుపు తిరిగి, కనబడకుండా పోయింది. అది ఇంకా అటే చూస్తోంది.

"ఒక్కదానివే వచ్చావా?" అంది చివరికి.

"ఒక్కదాన్నే."

చేతిలో గిన్నెని మళ్లీ ఒకసారి కడిగింది. కుళాయి కట్టేసింది.